మా బాత్రూంలో ఆ 11 టైల్స్

మా ఇంట్లో నాన్న గదికి ఆనుకుని ఉన్న బాత్రూంలోకి వెళ్తే, కుడివైపు గోడమీద 11 టైల్స్ మిగతావాటికన్నా కాస్త పసుపుగా ఉంటాయి. వచ్చిన చుట్టాలెవరూ గమనించరు. నాకు మాత్రం తలుపు తీయగానే ముందు అవే కనిపిస్తాయి. ఒక్కరోజు తొందరపడ్డందుకు నేను కట్టిన జరిమానా అది.

ఈ వారం ఆ జరిమానా కథే చెప్తా. మీలో చాలామందికి ఇల్లు కట్టే ఆలోచన ఇంకా వచ్చి ఉండదు. కానీ ఊళ్లో నాన్న సగం కట్టి ఆపేసిన ఇల్లు ఉన్నవాళ్లు బోలెడుమంది ఉంటారు. స్లాబు పడి, గోడలు లేచి, ప్లాస్టరింగ్ లేక ఇటుకలు నల్లబడి, పైన కాలమ్ ఊచలు తుప్పుపట్టి నిలబడి ఉంటుంది చూడండి... ఏ ఊరెళ్లినా వీధికొకటి. మాదీ అదే బాపతు.

కోదాడలో నాన్న 2018లో మొదలుపెట్టారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు కదా, ఆయన రెండూ ఒకేసారి చూడబోయారు. 2019లో స్లాబు పడింది, గోడలు లేచాయి, సింహద్వారం నిలబెట్టారు. అదే నెలలో అక్క పెళ్లి కుదిరింది. డబ్బు అటు వెళ్లిపోయింది. మరుసటేడు కరోనా. 2022లో నాన్నకు పక్షవాతం. కుడిచెయ్యి పట్టు తగ్గింది, కుడికాలు ఈడుస్తారు, మాట ఒక్కో ముక్కా కూడదీసుకుని చెప్తారు. ఫిజియోథెరపీ పుణ్యమా అని వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలుగుతున్నారు.

అప్పటి అద్దె ఇంట్లో బాత్రూం పెరట్లో ఉండేది. రెండు మెట్లు దిగి వెళ్లాలి. పగలైతే పక్కింటివాళ్లు ఎవరో ఒకరు చెయ్యందించేవాళ్లు, రాత్రి మాత్రం అమ్మ ఒక్కతే. ఒకరోజు తెల్లవారుజామున ఇద్దరూ కలిసి ఆ మెట్లమీద పడ్డారు. దెబ్బలు పెద్దవేం కాదు. అయినా హైదరాబాద్ నుంచి కోదాడ బస్సులో వస్తున్నంతసేపూ నా తలలో ఒకటే లెక్క. ఇల్లంతా కాకపోయినా ఫర్వాలేదు, నాన్న నడుచుకుంటూ వెళ్లగలిగే బాత్రూం ఒకటి కావాలి, త్వరగా కావాలి.

నా జీతంమీద బ్యాంకు 12 లక్షలు ఇస్తానంది. అదీ ఒకేసారి కాదు, వాళ్ల ఇంజినీరు వచ్చి చూసి ఏ దశ పూర్తయితే దానికి తగ్గట్టు. మేస్త్రి వేసిన లెక్క 16 లక్షలు. ఈ 4 లక్షల తేడాయే నాకు వరస అంటే ఏంటో నేర్పింది.

ముందు నేను ఎక్సెల్‌లో అందంగా ఒక ప్లాన్ వేసుకున్నా. ఒక్కో నెలలో ఒక్కో గది. మొదట నాన్న గది, బాత్రూం పూర్తిగా, రంగులతో సహా. తర్వాత వంటిల్లు. తర్వాత హాలు. చేతిలో డబ్బు ఉన్నంతవరకు చేసుకుంటూ పోదాం అని. పునాది తవ్విన మేస్త్రినే మళ్లీ పిలిచాం. చిన్నప్పటినుంచీ బాబాయ్ అని పిలిచే మనిషి. ఫోన్‌లో నా ప్లాన్ చూపిస్తే కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివి, నవ్వాడు.

"అమ్మా, పనోడు గదికోసారి రాడు. ఇంటికోసారి వస్తాడు."

అర్థం కాలేదు. విడమరిచి చెప్పాడు. నాలుగు గదులకు నాలుగుసార్లు ప్లంబర్‌ని పిలిస్తే నాలుగుసార్లూ అడ్వాన్సు, నాలుగుసార్లూ బతిమాలుకోవడం. పోనీ వచ్చాడే అనుకో, పైపులు గదికొకటిగా ఉండవు కదా. పైన ట్యాంకు నుంచి మొదలై ఇల్లంతా తిరిగి వస్తాయి. వైర్లూ అంతే. నాన్న గదికి రంగు వేశాక వంటింటి వైరు కోసం ఆ గోడ మళ్లీ కోయాల్సి వస్తే?

"గోడలోకి వెళ్లిపోయేవన్నీ ఇల్లంతా ఒక్కసారి చేసేద్దాం. కంటికి కనపడేవి నీ డబ్బుని బట్టి గదికొకటి చేసుకో. టైల్స్ లేని గదిలో కాపురం చేయొచ్చు. పైపు లేని గోడకి ప్లాస్టరింగ్ చేసి ఏం చేస్తావ్?"

ఆ తర్వాత ఏడు నెలలు నేను పట్టుకుని వేలాడింది ఈ ఒక్క మాటనే. ఎక్సెల్ షీట్ తీసేసి, ఇంటి పనులన్నీ రెండు కుప్పలు చేశా. దాగేవి, కనపడేవి. దాగే కుప్పకి డబ్బు ఎక్కడా తగ్గించకూడదు. 4 లక్షల కోత మొత్తం కనపడే కుప్పలోంచే పోవాలి. చెప్పుకోవడానికి బాగానే ఉంది, ఆచరణలో మనసు ఒప్పుకోదండీ. ఊళ్లో ఎవరైనా వచ్చి చూసేది టైల్స్‌నే, రంగునే. గోడలో మందం పైపు వేశామని ఎవరు మెచ్చుకుంటారు?

2024 ఫిబ్రవరిలో పని మొదలైంది. మొట్టమొదటి పని ఏంటో తెలుసా? నీళ్లు. బోరులో మోటారు దింపి, సంపు శుభ్రం చేయించి, కరెంటుకి టెంపరరీ మీటరు పెట్టించుకునేదాకా ఒక్క తట్ట మాలు కూడా కలవలేదు. దానికే రెండు వారాలు పోయాయి.

ఆగిపోయిన ఇంటికి ఇంకో బాధ ఉంది. కొత్తగా కట్టే ఇల్లయితే నిన్న చేసిన పని ఈరోజు మన కళ్లముందే ఉంటుంది. ఐదేళ్లు ఎండకీ వానకీ నానిన ఇల్లు లోపల ఎలా ఉందో ఎవరికీ తెలీదు. అందుకని ముందుకు వెళ్లేముందు ఒకసారి వెనక్కి చూడాలి. స్లాబు అంచుల వెంట సిమెంటుతో చిన్న గట్టు కట్టి నీళ్లు నిలబెట్టాం. మూడో రోజుకి వెనక గది మూలన తడి మచ్చ తేలింది. ఆ పగులు చెక్కి, నింపి, పైన వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు తూముల వైపు పారేలా వాలు పోశాకే లోపలి పైకప్పుకి ప్లాస్టరింగ్. తిరగేసి చేసుంటే మొదటి వానకే కొత్త ప్లాస్టరింగ్ పెచ్చులుగా రాలేది. కాలమ్ ఊచల్ని వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు పట్టకుండా పూత వేశారు. స్లాబులో 2019లోనే వేసిన కరెంటు పైపుల్లోకి జీఐ తీగ తోసి చూస్తే మూడు పైపులు కదల్లేదు. ఒకదాంట్లో సిమెంటు పాలు గడ్డకట్టాయి, రెండింట్లో కందిరీగలు మట్టితో గూళ్లు కట్టుకున్నాయి. గూళ్లు పోయాయి, సిమెంటు పోలేదు. ఆ ఒక్క ఫ్యాన్‌కి గోడ వెంబడి వేరే దారి చూసుకున్నాం. ప్లాస్టరింగ్‌కి ముందే తెలిసింది కాబట్టి సరిపోయింది.

ఇక మేస్త్రి బాబాయ్‌కి కూడా తట్టని సంగతి ఒకటుంది. తలుపు వెడల్పు.

బాత్రూం తలుపంటే రెండున్నర అడుగులు. అందరూ అంతే పెడతారు, మాకూ గోడలో అంతే వదిలారు. ఒక ఆదివారం ఊరికే టేపు పట్టుకుని నాన్న వాకర్ కొలిచా. 24 అంగుళాలు. రెండున్నర అడుగులంటే 30 అంగుళాలు. అందులో ద్వారబంధం కర్ర మందం అటు 3, ఇటు 3 పోతే మిగిలేది సరిగ్గా 24. తలుపు తెరిచినప్పుడు దాని మందం ఇంకా లెక్కలోకే రాలేదు. అంటే నేను లక్షలు పోసి కట్టిస్తున్న బాత్రూంలోకి నాన్న వెళ్లలేరు! ఆ టేపు చేత్తో పట్టుకుని ఇటుక కుప్పమీద చాలాసేపు కూర్చుండిపోయా.

దివ్యాంగుల సౌకర్యాల కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు నెట్‌లో దొరుకుతాయి. అందులో తలుపు దగ్గర అడ్డం లేని ఖాళీ కనీసం 900 మిల్లీమీటర్లు ఉండాలని ఉంది. దాదాపు మూడడుగులు. మా అదృష్టం, లింటెల్ గోడ పొడవునా పోసి ఉంది. బాత్రూంకి ద్వారబంధం ఇంకా నిలబెట్టలేదు. పక్కన ఒక వరస ఇటుకలు తీసి 42 అంగుళాలకు పెంచారు. సగం రోజు పని. అదే ప్లాస్టరింగ్, టైల్స్ అయ్యాక కొలిచి ఉంటే?

ఒక్క తలుపు మారితే దాని వెనక ఎన్ని మారతాయో అప్పుడు చూశా. బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలని పెట్టాం. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుని ఆ మనిషే అడ్డుకుంటాడు కదా, అందుకని. బయటికి తెరిస్తే అది వెళ్లి ఆనేది ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డుకి సుద్దతో గీసిన చోట. బోర్డు పక్క గోడకి జరిగింది. అది జరిగితే మంచం జరిగింది. మంచం జరిగితే ఏసీ జరిగింది. ఏసీ జరిగితే దాని నీళ్లు పోయే సన్న పైపు దారి మారింది. ఇదంతా సుద్ద గీతల మీదే జరిగింది కాబట్టి ఖర్చు సున్నా.

గడప దగ్గర మాత్రం యుద్ధమే అయింది. సింహద్వారానికి గడప లేకుండా కుదరదని అమ్మ. పసుపు ఎక్కడ రాయాలి, ముగ్గు ఎక్కడ వేయాలి? నాలుగంగుళాల గడప వాకర్ దాటదని నేను. చివరికి దారి చూపింది నేల లెక్క. టైల్స్ కింద మాలు, టైల్ మందం కలిపి నేల ఎలాగూ రెండంగుళాలకు పైనే లేస్తుంది. ఇంకో అంగుళం లేపి, గడపకి ఆనించి గ్రానైట్‌ని కాస్త వాలుగా వేస్తే, పసుపు రాయడానికి గడప కనపడుతుంది, వాకర్ కాళ్లకి తగలదు. కానీ నేల అంగుళం లేస్తుందన్న సంగతి బాత్రూం నింపేవాడికి, తలుపులు చేసేవాడికి, కిటికీ కింద గ్రానైట్ వేసేవాడికి ముందే తెలియాలి. అందుకే బాబాయ్ ఇల్లంతా గోడలమీద ఒకే మట్టంలో నీలం గీత కొట్టించాడు. ఎవరొచ్చినా కొలత ఆ గీత నుంచే. బాత్రూంకి మెట్టు లేకుండా, లోపల అటువైపు గోడదాకా వాలు మాత్రమే వచ్చింది.

బయట ర్యాంపుదీ అదే కథ. పునాది ఎత్తు 18 అంగుళాలు. ఒకటికి పన్నెండు వాలు అంటే 18 అడుగుల ర్యాంపు. ఇంటి ముందు అంత చోటు లేదు, పక్క సందులో ఉంది. ఆ సందు కిందనుంచే సెప్టిక్ ట్యాంకుకి వెళ్లే పైపు వెళ్లాలి. పైపు వేసి, నీళ్లు వదిలి చూసి, పూడ్చి, చివర్న ర్యాంపు. ఇసుక ట్రాక్టర్లు తిరగడం ఆగాకే అది పోశాం.

మార్చి మొత్తం గోడలు కోయడమే. చెవులు చిల్లులు పడ్డాయని అమ్మ ఫోన్ చేసి గోల. లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీకి, గీజర్‌కి 4 స్క్వేర్ ఎంఎం వైరు. ఇన్వర్టర్‌కి వేరే లైను. ఇంటర్నెట్ కేబుల్‌కి, సీసీ కెమెరాలకి ఖాళీ పైపులు. వేడినీళ్లకు సీపీవీసీ. వంటింటి చిమ్నీకి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి రంధ్రాలు. చిమ్నీ కొనే డబ్బు నాకు లేదు, రంధ్రానికి డబ్బు అవసరం లేదు కదా.

ఈ దశలో మన తరానికి ఉన్న ఒక సౌకర్యం నాన్న తరానికి లేదు. ఫోన్. ప్లాస్టరింగ్‌కి ముందు రోజు ఇల్లంతా తిరిగి ప్రతి గోడనీ ఫొటో తీశా, పక్కన టేపు విప్పి అంకెలు కనపడేలా. నేల నుంచి పైపు ఎంత ఎత్తులో ఉంది, మూల నుంచి ఎంత దూరంలో ఉంది. మొత్తం 140 ఫొటోలు. తర్వాత నాన్న పట్టుకోవడానికి బాత్రూంలో స్టీలు కడ్డీ బిగించేటప్పుడు డ్రిల్ ఎక్కడ పెట్టాలో ఆ ఫొటో చూసే చెప్పా. మీ ఇంట్లో ఈ ఒక్క పని చేయండి చాలు.

ప్లాస్టరింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముందు పైకప్పు, తర్వాత లోపలి గోడలు, తర్వాత బయట. కాలమ్, ఇటుక కలిసేచోట, కోసిన గాళ్ల మీద చీలకుండా సన్న ఇనుప జాలీ. బయట పరంజా ఉన్నప్పుడే పైనుంచి నీళ్లు దిగే పైపులు, బయటి రంగు, అన్నీ చేయించేశాం. పరంజా విప్పేశాక ఒక్క క్లాంపు కోసం మళ్లీ కట్టాలంటే ఎవడూ రాడు.

ఏప్రిల్ ఎండలో గోడలు తడపడం అమ్మ డ్యూటీ. పొద్దున, సాయంత్రం పైపు పట్టుకుని. నాన్న డ్యూటీ నాన్నే తీసుకున్నారు. ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెడితే ఊరికే ఉండకుండా ఎడంచేత్తో కర్ర పట్టుకుని అందినంత మేర గోడని తట్టేవారు. టక్ టక్ టక్. ఒకచోట ఆగి మళ్లీ తట్టారు. "డొల్ల," అన్నారు. ఆయన ఆ నెలలో అంత స్పష్టంగా అన్న మాట అదే. బాబాయ్ వచ్చి చెవి పెట్టి తట్టి చూసి, మారుమాట్లాడకుండా అక్కడ రెండడుగుల మేర చెక్కించి మళ్లీ వేయించాడు.

ఇక్కడిదాకా అంతా బాగానే జరిగింది. అందుకే నాకు ధీమా వచ్చింది.

ఆ ఏడాది వేసవంతా మూఢం, దాని వెనకే ఆషాఢం. శ్రావణంలోనే ముహూర్తం, అంటే ఆగస్టు. ఆ తేదీ తప్పితే మళ్లీ ఎప్పుడో అని అమ్మ భయం. అటు అద్దె, ఇటు ఈఎంఐ రెండూ కట్టలేనని నా భయం. జూన్‌లో ఒక బుధవారం ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా టైల్స్ మేస్త్రి ఫోన్. "మేడం, రేపు ఎల్లుండి ఖాళీ. ఆ తర్వాత వేరే ఊళ్లో అపార్ట్‌మెంట్ పని, ఆగస్టుదాకా దొరకను. బాత్రూం వేసేయమంటారా?"

ప్లంబర్ పైపులు వేసి మూడు నెలలైంది. కానీ పైపుల్లో నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెట్టి, మీటరు సూది కదలకుండా నిలబడుతుందో లేదో చూసే పరీక్ష ఉంటుంది, అది మాత్రం చేయలేదు. ప్లాస్టరింగ్‌కి ముందే చేయాల్సింది. పంపు ఇంకో సైట్‌లో ఉంది, రేపు తెస్తా, ఎల్లుండి తెస్తా అంటూ జరిపాడు. మేమూ పట్టుబట్టలేదు. కనీసం టైల్స్‌కి ముందైనా చేయించాలని బాబాయ్ రెండుసార్లు గుర్తుచేశాడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, మీటింగ్ మధ్యలో గొంతు తగ్గించి, "వేసేయండి" అన్నా.

రెండు రోజుల్లో వేసేశాడు. వీడియో పంపితే అద్దంలా ఉంది. నేను స్టేటస్ కూడా పెట్టుకున్నా.

తర్వాతి సోమవారం పంపు వచ్చింది. వంటింటి వైపు సూది కదల్లేదు. బాత్రూం వైపు పావుగంటలో సగానికి పడిపోయింది. గీజర్ నుంచి షవర్‌కి దిగే పైపు మలుపులో అతుకు సరిగ్గా పట్టలేదు. టైల్స్ మేస్త్రి తప్పు ప్లంబర్‌దన్నాడు. ప్లంబర్ టైల్స్ మేస్త్రిదన్నాడు, గోడ చెక్కేటప్పుడు కదిలించి ఉంటాడని. ఇద్దరూ కలిసి నావైపు చూశారు, అంటే వీడియో కాల్‌వైపు. బాబాయ్ ఎవర్నీ ఏమీ అనలేదు. సుత్తి, ఉలి తీసుకుని తనే మొదటి టైల్ పగలగొట్టాడు. ఆ శబ్దం ఫోన్‌లో విన్నా.

పగిలినవి 11. షాపుకెళ్తే అదే కంపెనీ, అదే డిజైన్, కానీ బ్యాచ్ వేరు. డబ్బామీద బ్యాచ్ నంబరు ఉంటుందనీ, నంబరు మారితే రంగు ఛాయ మారుతుందనీ, అందుకే మొదటే నాలుగు డబ్బాలు ఎక్కువ కొనుక్కోవాలనీ ఆ రోజే తెలిసింది. టైల్స్ ఖరీదు పెద్దదేం కాదు. కానీ అవి పెట్టడానికి ఇంకో మనిషిని వెతికి, బతిమాలి, తీసుకొచ్చేసరికి 12 రోజులు. ముహూర్తానికి చేతిలో ఉన్నదే తక్కువ.

ఆ రాత్రి వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టా. మేస్త్రి, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వడ్రంగి, పెయింటర్ అందరూ అందులో. ఒకటే నియమం. ఎవరి పనినైనా ఇంకొకరు కప్పేసేముందు, మొదటి మనిషి తన గొంతుతో "నాది చూసుకున్నా, మూసుకోవచ్చు" అని వాయిస్ మెసేజ్ పెట్టాలి. మొదట నవ్వుకున్నారు. ఎలక్ట్రీషియన్ కుర్రాడైతే సినిమా డైలాగులా చెప్పేవాడు. కానీ పెట్టాడు. బాత్రూం నేలకి వాటర్‌ప్రూఫింగ్ చేసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టినప్పుడు, కింద తడి లేదని బాబాయ్ పెట్టిన 9 సెకన్ల మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

కనపడే పనుల్లోకి వచ్చాక గొడవలు వేరే రకం. లప్పం ముందా, టైల్స్ ముందా? లప్పం పెట్టి గీకితే ఇల్లంతా తెల్లదుమ్ము, చుక్కలు కిందపడతాయి, కాబట్టి అదీ ప్రైమరూ ముందు, తర్వాత నేల టైల్స్, ఆఖరి కోటు రంగు అందరూ వెళ్లిపోయాక. తలుపు రెక్కలు నేల పూర్తయ్యాకే. అడుగున ఎంత కోయాలో నేల చెప్తుంది. ఇది కాకుండా ఇంకో వరస ఉంది, దాన్ని నేను దాదాపు మర్చిపోయా. బిగించే వరస వేరు, ఆర్డర్ ఇచ్చే వరస వేరు. కిటికీలు బిగించేది చివర్లోనే, కానీ కొలతలు ప్లాస్టరింగ్ అయ్యి, అంచుల్లో గ్రానైట్ పడ్డాక తీసుకుంటారు, తయారై రావడానికి వారాలు పడుతుంది. ఆ ఫోన్ పది రోజులు ఆలస్యంగా చేశా. గృహప్రవేశం నాటికి రెండు కిటికీలకు టార్పాలిన్ పట్టానే.

4 లక్షల కోత చివరికి ఇలా పడింది. వెనక గదికి టైల్స్ లేవు, సిమెంటు నేల. మూడు తలుపులే, మిగతావాటికి అమ్మ పాత చీరల కర్టెన్లు. మాడ్యులర్ కిచెన్ లేదు, కడప రాళ్ల అరలు. లోపల ఒక్క హాలుకే రంగు, మిగతా గదులు ప్రైమర్‌తో తెల్లగా. బయట మాత్రం రంగు పూర్తిగా వేయించా. చుట్టాలు చూస్తారని కాదు. లోపలి గోడలకి వాన తగలదు, బయటివాటికి తగులుతుంది.

ఆగస్టులో పాలు పొంగించాం. పురోహితుడు గడప చూసి ఇదేంటి ఇంత చిన్నగా ఉంది అన్నారు. అమ్మ వెంటనే, "ఉంది కదండీ," అంది. నాన్న పక్క సందులో ర్యాంపు ఎక్కి, వాకర్‌తో గడప దాటి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి వచ్చారు. తర్వాత అరగంటకి బాత్రూంకి కూడా ఒక్కరే వెళ్లొచ్చారు. వ్రతం మధ్యలో అమ్మ కళ్లు ఆ తలుపుమీదే ఉన్నాయి.

మూడు వారాలైనా గడవకముందే ఆ వాన. ఆగస్టు 31, సెప్టెంబరు 1. కోదాడవాళ్లకి ఆ తేదీలు చెప్తే చాలు. ఊరు వాగైంది. నేను హైదరాబాద్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్నా. స్లాబు ఒక్క చుక్క కారలేదు. కానీ సంపు మూత రోడ్డుకన్నా కిందకి ఉంది, వరదనీళ్లు అందులోకి దిగిపోయాయి. అన్ని లెక్కలు వేసిన మేము ఆ మూత ఎత్తు మాత్రం ఎవరం చూడలేదు. సంపు తోడించి, కడిగించి, చుట్టూ రెండు వరసల ఇటుకలు లేపాం.

దీపావళికి వచ్చిన బోనస్‌తో వెనక గదికి టైల్స్ వేయించా. ఆ పని చూడ్డానికి నాన్న కుర్చీ అక్కడే వేయించుకున్నారు. సాయంత్రం మేస్త్రి వెళ్లాక పైకప్పు వైపు వేలు చూపించి, మాటలు కూడదీసుకుంటూ అడిగారు.

"పై పోర్షన్‌కి... పైపు... వదిలారా?"

వదిలాం నాన్నా అని, ఫోన్‌లో ఫొటో తీసి చూపించా. మెట్ల పక్క గోడలోంచి పైకి వెళ్లి, మూత బిగించి ఉన్న పైపు. పక్కన టేపు, 14 అంగుళాలు. ఆయన రెండు వేళ్లతో ఫొటోని పెద్దది చేసి ఆ అంకె చూసుకున్నారు.